అయిదు చేతులు

ఆ కౌబాయ్ సినిమాను మళ్ళీ తీస్తున్నారని మాకు పేపర్లో చూశాకే తెలిసింది. వంటింటి బల్ల మీద పాత పేపరు పరుచుకుని బీన్స్ ఈనెలు తీస్తున్నాను. ఈనెల కింద ఒక గుర్రం బొమ్మ కనిపిస్తే వాటిని పక్కకు జరిపి చదివాను. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి సినిమాను ఈ కాలానికి తగ్గట్టు మార్చి తీస్తారట. గుర్రాల బదులు మోటార్ సైకిళ్ళు, బంగారు గని బదులు హైవే పక్కన లారీలు ఆగే ఊరు. కథ మాత్రం అదే. ఒంటరివాడొకడు ఊళ్ళోకి వస్తాడు, అయిదుగురిని కాల్చి చంపుతాడు, వెళ్ళిపోతాడు.

మావారు పక్కగదిలో చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నారు. గట్టిగా చదివి వినిపించాను.

"మోటార్ సైకిళ్ళా? గుర్రాలకి డేట్స్ ఖాళీ లేవేమో," అన్నారు.

అంతే అన్నారు. ఇస్త్రీ పెట్టె చొక్కా చేతి మీద పైకీ కిందకీ నడుస్తున్న చప్పుడు ఆగలేదు.

ఆ సినిమాలో చచ్చిపోయే అయిదుగురిలో ఒకడు మా అన్నయ్య.

అన్నయ్య ఫైటరు. హీరో కొడితే ఎగిరిపడే మనుషుల్లో ఒకడు. డిగ్రీ చదవాలని ఉండి చదవలేకపోయాడు. షాటుకీ షాటుకీ మధ్య నా కాలేజీ పుస్తకాలు పట్టుకుని కూర్చునేవాడు కాబట్టి యూనిట్లో అందరూ లెక్చరర్ అనేవాళ్ళు. మావారు అప్పుడు ఫైట్ మాస్టర్ దగ్గర అసిస్టెంటు. అన్నయ్య స్నేహితుడిగా ఎప్పుడైనా మా ఇంటికి వచ్చి టీ తాగి వెళ్ళే మనిషి, అంతకుమించి నాకు తెలియదు.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉండేది. ఎత్తు మీంచి పడ్డవాడు, డైరెక్టర్ కట్ చెప్పగానే, పడ్డచోటి నుంచే ఒక చెయ్యి పైకెత్తాలి. నాకేం కాలేదని దానర్థం. ధూళిలో, పొగలో మనిషి కనపడకపోయినా చెయ్యి కనపడుతుంది. అసిస్టెంటు దూరంగా నిలబడి లేచిన చేతులు లెక్కపెడతాడు. ఎంతమంది పడ్డారో అన్ని చేతులూ లేస్తే కెమెరా వైపు తిరిగి వేళ్ళతో ఆ అంకె చూపిస్తాడు. అప్పుడే తరవాతి షాటు పని మొదలవుతుంది. ఒక్క చెయ్యి తక్కువైనా అన్నీ ఆపేసి పరిగెడతారు.

ఆ రోజు అయిదుగురు పడ్డారు. అన్నయ్య హోటలు సెట్టు పై అంతస్తు వరండాలోంచి, చెక్క రెయిలింగ్ విరగ్గొట్టుకుని కింద పడ్డాడు. కింద నేల తవ్వి రంపపు పొట్టు నింపి పైన మట్టి చల్లారు. కట్ చెప్పారు. చేతుల లెక్క సరిపోయింది. తరవాతి షాటులో హీరో ఆ అయిదు శవాల మధ్య నుంచి నింపాదిగా నడిచి వెళ్ళాలి. లేస్తే పడ్డ తీరు చెదిరిపోతుందని ఎవర్నీ లేవద్దన్నారు. అంతలో మబ్బు పట్టింది. ఎండ కోసం ఆగారు. నలభై నిమిషాలు ఆగారు. ఎండ వచ్చాక హీరో నడిచాడు, ఒకే టేకులో అయిపోయింది. ఇక లేవండని కేకేస్తే నలుగురు లేచారు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, పడ్డ వెంటనే ఎందుకు తీసుకురాలేదని. నాన్న మావారి వైపు చూశారు.

"అయిదు చేతులు లేచాయండీ," అన్నారు మావారు.

ఆ మాట మీదే మా ఇల్లు నిలబడింది. అన్నయ్య చెయ్యి ఎత్తాడంటే, పడ్డప్పుడు బాగానే ఉన్నాడన్నమాట. తరవాత పడుకున్నచోట లోపల ఏ నరమో తెగి ఉంటుంది, దానికి ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు. ఎత్తలేదంటే మాత్రం, పక్కన అంతమంది మనుషులుండగా నలభై నిమిషాలు అలా పడి ఉన్నాడు. ఈ రెంటిలో ఏదో ఒకటే నిజం. నాన్న తను పోయేదాకా వారానికోసారైనా అడిగేవారు, "ఎత్తాడు గదా బాబూ," అని. "అయిదు లేచాయి," అనేవారు మావారు. నాన్న తలూపి పేపరు చదువుకునేవారు.

అన్నయ్య పోయాక మావారు ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేవారు. కారుతున్న కొళాయి బాగుచేశారు. అమ్మకు కళ్ళజోడు మార్పించారు. రెండేళ్ళకు నన్ను అడిగారు. నేను సరేనన్నాను. అడగడం, సరేననడం రెండూ కొళాయి దగ్గరే, రెండు నిమిషాల్లో అయిపోయాయి.

తరవాత ఆయనే ఫైట్ మాస్టరయ్యారు. బయట ఆయన్ని 'పేరు పెట్టి పిలిచే మాస్టర్' అంటారు. ఆయన చేతులు లెక్కపెట్టరు. కట్ చెప్పగానే పడ్డవాళ్ళని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తారు. పిలిచినవాడే చెయ్యెత్తాలి. వాడు ఎత్తాకే ఇంకొకడి పేరు. పదిహేనుమంది పడితే పదిహేను పేర్లు. నిర్మాతలు గడియారాలు చూసుకునేవారు, హీరోలు విసుక్కునేవారు, ఆయన మాత్రం వినేవారు కాదు. అన్నయ్య పోయిన పదిహేనో రోజున, ఇంకో సినిమాలో, ఇక మీదట ఇలాగే చెయ్యాలని తన మాస్టరుతో గొడవపడి పనే వదిలేసి వచ్చేశారట. ఈ సంగతి మా పెళ్ళిలో ఎవరో మెచ్చుకుంటూ నాకు చెప్పారు. ముప్పై ఏళ్ళలో ఆయన సెట్టు మీద ఒక్క మనిషి కూడా పోలేదు. పోయినేడు వాళ్ళ సంఘం వాళ్ళు పిలిచి ఆ మాటే ఒక రాగి పలక మీద చెక్కించి ఇచ్చారు. అది హాల్లో టీవీ పక్కన ఉంది. వారానికోసారి తుడుస్తాను.

ఇంట్లోనూ అంతే. పిల్లలు స్కూలు బస్సు దిగగానే బాల్కనీలోంచి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవారు. వాళ్ళు చెయ్యెత్తితే తప్ప ఆయన లోపలికి వచ్చేవారు కాదు. అమ్మాయి పదో తరగతిలో ఒకసారి, "నాన్నా, నేను మేడ మీంచి పడలేదు, బస్సు దిగాను," అంది. అంటూనే చెయ్యి ఎత్తింది. నాకూ అదే అలవాటు. కూరల సంచీ ఏ చేతిలో ఉంటే రెండో చెయ్యి ఎత్తుతాను.

పేపర్లో చూసిన పది రోజులకు ఫోనొచ్చింది. కొత్త సినిమాలో అసిస్టెంట్ డైరెక్టర్‌నని చెప్పింది ఒకమ్మాయి.

"ఆంటీ, మాస్టర్ గారున్నారా? పాత సినిమా ముక్కలు దొరికాయి. ఎడిటింగ్‌లో తీసేసినవి, లాబ్ గోడౌన్‌లో డబ్బాల్లో ఉన్నాయి. శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించాం. ఆ అయిదుగురు పడేదాన్ని మా సార్ మళ్ళీ అచ్చం అలాగే తియ్యాలంటున్నారు. మాస్టర్ గారొకసారి వచ్చి చూసి చెబితే..."

మావారికి చెప్పాను.

"చూసేదేముంది. నేనక్కడే ఉన్నాగా. మోకాలు బాగోలేదని చెప్పు," అన్నారు.

మోకాలు బాగోలేని మాట నిజమే. ఆపరేషనయ్యి ఆరునెలలు కాలేదు. అదే చెప్పాను. ఫోను పెట్టెయ్యబోతూ అడిగాను.

"పడ్డాక చేతులెత్తేది కూడా ఉందా అమ్మా అందులో?"

"ఉందాంటీ. కట్ చెప్పాక కూడా కెమెరా కాసేపు తిరుగుతూనే ఉంది. మా సార్‌కి ఆ ముక్కంటే ప్రాణం. సినిమా చివర్లో పేర్లు పడేటప్పుడు అదే వేద్దామంటున్నారు. కాకపోతే ఆ అయిదుగురివీ సంతకాలు కావాలి. పోయినవాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళవి. లెక్చరర్ అని ఒకాయన ఉన్నారట, ఆయనకి ఎవరున్నారో మాస్టర్ గార్నే అడుగుదామని..."

"నేనున్నాను," అన్నాను.

గురువారం రమ్మంది.

మంగళవారం సరెండర్ వచ్చాడు. ఆ అయిదుగురిలో ఇంకా తిరుగుతున్నవాడు ఆయనొక్కడే. మిగతా ముగ్గురూ వయసై, జబ్బు చేసి పోయారు. ఏడాదికోసారి అన్నయ్య పోయిన నెలలో పళ్ళు తీసుకుని వస్తాడు, టీ తాగుతాడు, అన్నయ్య మాట ఎత్తకుండా వెళ్ళిపోతాడు. ఈసారి నెల కాని నెలలో వచ్చాడు. ఆ పేరెందుకు వచ్చిందని పిల్లలు చిన్నప్పుడు అడిగితే, "ఎవరు తుపాకీ చూపించినా ముందు లొంగిపోయేది నేనేనమ్మా, సినిమాలోనూ ఇంట్లోనూ," అనేవాడు.

తలుపు తీయగానే గుమ్మంలో నిలబడి కుడిచెయ్యి ఎత్తాడు. మా ఇంటికి వచ్చేవాళ్ళందరికీ అదొక సరదా.

"ఏం చెల్లెమ్మా, మాస్టరు ఇంకా ఇస్త్రీ మానలేదా? రిటైరయ్యి లాండ్రీ పెట్టాడనుకుంటారు జనం."

"నీ చొక్కా ఇటివ్వరా, దాని మొహం చూళ్ళేకపోతున్నాను," అన్నారు మావారు.

"ఉండనీ, నా మొహానికి సరిపోయింది. విన్నావా, కొత్తదాంట్లో మనుషులు పడరట. కంప్యూటర్ పడుతుందట."

"పడనీ. దానికి నడుం నొప్పి రాదు."

"పడ్డాక చెయ్యెత్తుతుందా మరి?"

అప్పటిదాకా నవ్వుతున్న మావారు చొక్కా మడత పెట్టుకున్నారు. నేను టీలు తెచ్చి బల్ల మీద పెట్టాను.

"చేతులెత్తే ముక్క దొరికిందట," అన్నాను. "గురువారం నన్ను చూడ్డానికి రమ్మన్నారు."

సరెండర్ కప్పు అందుకోబోయి వదిలేశాడు. "ఎందుకు చెల్లెమ్మా ఇప్పుడు? ముప్పై ఏళ్ళ నాటి మట్టి."

"మీకు కాయితం రాలేదా, సంతకానికి?"

"వచ్చింది."

"పెట్టారా?"

"కళ్ళజోడు మార్చాలి. మార్చాక పెడదామని."

ఆయన జేబులో కళ్ళజోడు కొత్తగానే ఉంది. మావారు చొక్కా మీద చొక్కా పెట్టి అంచులు సరిచేశారు.

"వెళ్ళనీరా," అన్నారు. తరవాత నా వైపు చూడకుండా, "గొడుగు తీసుకెళ్ళు. మధ్యాహ్నాలు పడుతోంది," అన్నారు.

సరెండర్ టీ తాగకుండానే లేచాడు. ఆయన వెళ్ళాక టీ సింకులో పారబోశాను.

గురువారం ఆ ఆఫీసుకు రెండు బస్సులు మారి వెళ్ళాను. మూడో అంతస్తులో చిన్న గది. పెద్ద కుర్చీలు ఆరు, గోడకు తెర, కిటికీకి నల్లటి గుడ్డ. ఏసీ ఎక్కువగా ఉంది. అసిస్టెంట్ అమ్మాయి నాకు తన స్కార్ఫ్ ఇచ్చింది. డైరెక్టర్ కుర్రవాడు, ముప్పై రెండేళ్ళుంటాయేమో, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ సినిమా చిన్నప్పుడు అరవైసార్లు చూశాడట.

"ఆ నడక ఉంది చూశారూ మేడమ్, శవాల మధ్య నుంచి. అది చూసే నేను సినిమాల్లోకి వచ్చాను."

ఆ నడక నాకు తెలుసు. టీవీలో వస్తుంటుంది. మూడో శవం మా అన్నయ్య. గోధుమరంగు బూట్లు, ఎడమకాలి లేసు ఊడి ఉంటుంది.

దీపాలు ఆర్పారు. ముక్క చాలా చిన్నది, ముప్పై సెకన్లుంటుంది. శబ్దం లేదు. కెమెరా ఎత్తు మీద ఉంది. వీధి, హోటలు, నీళ్ళతొట్టి, గుర్రబ్బండి. తుపాకులు పొగ వదిలాయి. ఒకడు తొట్టి పక్కన, ఒకడు మెట్ల మీంచి, ఒకడు గుర్రం మీంచి, ఒకడు బండి మీంచి పడ్డారు. చివర అన్నయ్య రెయిలింగ్‌తో సహా వచ్చి పడ్డాడు. ధూళి లేచింది. ఎవరో తెరకు అడ్డంగా చెయ్యి ఊపారు, అదే కట్ అయ్యుంటుంది.

"ఇప్పుడు చూడండి," అన్నాడు డైరెక్టర్.

ధూళిలోంచి చేతులు లేచాయి. తొట్టి దగ్గర ఒకటి. మెట్ల కింద ఒకటి. గుర్రం పక్కన ఒకటి. ఆ తరవాత ఒకటి, దాని వెంటే ఇంకొకటి. తెర ఎడమ అంచున తెల్లటి టోపీ పెట్టుకున్న సన్నటి మనిషి వేలితో లెక్కపెడుతున్నాడు. కెమెరా వైపు తిరిగి, చెయ్యి చాచి, అయిదు వేళ్ళూ చూపించాడు. అప్పట్లో ఆయనకు మీసం ఉండేది. ఆ మీసం నాకెప్పుడూ నచ్చలేదు.

"అయిదు," అన్నాడు డైరెక్టర్ మెల్లగా. "చచ్చిపోయినవాళ్ళు చేతులెత్తి మేం బాగున్నాం అంటున్నారు. దీనికంటే మంచి ముగింపు ఏముంటుంది మేడమ్?"

"ఇంకోసారి వేస్తారా? కాస్త మెల్లగా," అన్నాను.

మెల్లగా వేశారు.

"ఆ బండి చక్రం దగ్గర ఆపమ్మా. పెద్దది చెయ్యడానికి వీలవుతుందా?"

అమ్మాయి పెద్దది చేసింది. బండి చక్రం పక్కన రెండు చేతులున్నాయి. రెంటి మధ్యా ఒకటే తల ఉంది.

"ఈయనెవరో భలే ఉన్నాడాంటీ," అని నవ్వింది. "రెండు చేతులూ ఎత్తేశాడు. లొంగిపోయినట్టు."

"ఆయన్ని సరెండర్ అంటారు," అన్నాను.

"అబ్బ, పేరు కూడానా," అంది.

వరండా కింద చూపించమన్నాను. అక్కడ ధూళి దట్టంగా ఉంది. ముక్క అయిపోయే ముందు కాస్త తేలింది. ఒక గోధుమరంగు బూటు కనిపించింది. అది కదల్లేదు. దాని పైన ఏ చెయ్యీ లేదు. తెల్లటి టోపీ మనిషి నిలబడ్డచోటు చూశాను. అక్కడి నుంచి బండి చక్రమూ వరండా ఒకే వరసలో ఉంటాయి. ఆ ధూళిలో, ఎడంగా లేచిన ఆ రెండు చేతుల్లో ఒకటి చక్రం దగ్గరదనీ ఒకటి వరండా కిందదనీ అనుకోవచ్చు. నేను అక్కడ నిలబడితే నేనూ అయిదే చెప్పేదాన్ని.

దీపాలు వేశారు. డైరెక్టర్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాకు ఏసీ చలి తప్ప ఏమీ తెలియలేదు. స్కార్ఫ్ మడిచి అమ్మాయికి ఇచ్చేశాను. ఆమె నాకో కాయితం ఇచ్చింది.

"ఇక్కడ మీ సంతకం. దాని కింద సాక్షి సంతకం ఒకటి కావాలాంటీ. మాస్టర్ గారిదైనా పర్లేదు. నిదానంగా పంపండి."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పరీక్షకు చదివినట్టు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఎప్పుడూ "మీ అన్న చెయ్యెత్తాడు" అనలేదు. నాన్న ఎలా అడిగినా, నేను ఎలా అడిగినా, "అయిదు లేచాయి" అనే అన్నారు. పేరు పెట్టి పిలిచే పద్ధతి పదిహేనో రోజున మొదలైంది. పేర్లు పిలవాలని ఎవరికి తోస్తుంది? చేతుల లెక్క ఎలా తప్పుతుందో తెలిసినవాడికే తోస్తుంది. కాబట్టి పదిహేను రోజుల లోపలే ఆయనకు తెలుసు. రాగి పలక తుడిచినప్పుడల్లా నేను తుడిచింది ఆ తప్పిన లెక్కనే.

ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. బాత్రూములో బల్బు పోయి మూడు రోజులైంది. రెండు స్టాపుల ముందే దిగి, కొట్లో బల్బు కొని, వెలిగించి చూపించమని, వెలిగాక తీసుకుని నడిచి వచ్చాను.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన మూడో అంతస్తు బాల్కనీలో ఉన్నారు. ఎప్పటిలాగే పేరు పెట్టి పిలిచారు.

ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో బల్బు. గొడుగు చంకలో పెట్టుకుంటే సరిపోయేది. చెయ్యి ఎత్తలేదు. కోపంతో ఎత్తకపోవడం కాదు. చెయ్యి అక్కడే ఉంది, దాన్ని ఎత్తాలని అనిపించలేదు. తలెత్తి ఆయన వైపు చూస్తూ నిలబడ్డాను.

రెండోసారి పిలిచారు. మూడోసారి పిలవలేదు. బాల్కనీ ఖాళీ అయ్యింది.

ఆ మోకాలితో మూడంతస్తులూ దిగి వచ్చారు. చెప్పులు వేసుకోలేదు. కింది మెట్ల దగ్గర గోడ పట్టుకుని ఆగారు. ఊపిరి అందడం లేదు.

"చెయ్యెత్తలేదేం?" అన్నారు.

"కూర్చోండి ముందు," అన్నాను.

మెట్ల మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. బల్బు డబ్బా ఇద్దరి మధ్యా పెట్టాను. పై వాటా ఆవిడ చెత్తబుట్ట పట్టుకుని దిగుతుంటే ఇద్దరం పక్కకు ఒదిగి దారిచ్చాం. ఆవిడ మోకాలెలా ఉందని అడిగింది, ఆయన పర్వాలేదన్నారు. ఆవిడ గేటు దాటాక చెప్పాను.

"నలుగురు."

"ఊ," అన్నారు.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే. సరెండరే వచ్చి చెప్పాడు, రెండూ ఎత్తాన్రా అని. ఎప్పుడూ చేసేవాడే, నవ్వించడానికి. ఆ రోజు కూడా చేస్తాడని నేననుకోలేదు."

"నాన్నకి చెప్పలేదేం?"

"చెబుదామనే వచ్చాను. మొదటి ఆదివారం. మీ నాన్న తలుపు తీస్తూనే అడిగారు, ఎత్తాడు గదా బాబూ అని." కాసేపు మోకాలు రుద్దుకున్నారు. "అయిదు లేచాయన్నాను. అది అబద్ధం కాదు."

"కాదు," అన్నాను.

"పై ఆదివారం చెబుదామనుకున్నా. ఆ తరవాత ఇంకో ఆదివారం."

"కొళాయి బాగుచేశారు."

"ఊ."

నన్ను చేసుకున్నదీ అందుకేనా అని అడగాలి. అడగాల్సిన మాట అదొక్కటేనని నాకు తెలుసు. అడగాలన్న కోరిక కోసం వెతుక్కున్నాను. సంచీలో తాళంచెవి కోసం వెతికినట్టు వెతికాను, చేతికి తగల్లేదు.

"వెంటనే తీసుకెళ్తే బతికేవాడా?" అన్నాను.

"డాక్టర్ని నేను విడిగా వెళ్ళి అడిగా."

"ఏమన్నాడు?"

"బతికేవాడేమో అన్నాడు."

ఆ 'ఏమో'ని ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈయన ఒక్కరే మోశారన్నమాట. పాపం అనిపించలేదు. కోపమూ రాలేదు. మెట్టు మీది సిమెంటు చల్లగా ఉంది, ఆపరేషనైన కాలికి అది మంచిది కాదని మాత్రం అనిపించింది. లేవండి అన్నాను. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కారు. నేను వెనక ఎక్కాను.

పైకి వచ్చాక కాయితం వంటింటి బల్ల మీద పెట్టి చదివాను. రెండు పేజీలు, చిన్న అక్షరాలు. సంతకం చెయ్యకపోతే ఆ ముక్క మళ్ళీ డబ్బాలోకి పోతుంది. 'అయిదు లేచాయి' అన్న మాట ఎప్పటిలాగే ఉంటుంది. పెడితే, ఎవరో ఒకరు ఏదో ఒక రోజు చేతులు వదిలేసి తలలు లెక్కపెడతారు. ఆయన ఎదురు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు.

పేజీ కింద ఖాళీలో, లైను వంకర పోకుండా, ఇలా రాశాను: 'ఈ ముక్కను వేగం మార్చకుండా, కత్తిరించకుండా, ధూళి పూర్తిగా తేలేదాకా చూపించాలి. దీనితో పాటు అయిదుగురి పేర్లూ ఒక్కొక్కటిగా వెయ్యాలి.' దాని కింద సంతకం పెట్టాను. కాయితం ఆయన వైపు తిప్పాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచీ చదివారు. నేను రాసింది రెండుసార్లు చదివారు.

"అందరికీ తెలుస్తుంది," అన్నారు.

"తెలుస్తుంది."

"పిల్లలకి?"

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన వేలు పెట్టి గీత వెతుక్కున్నారు.

"సాక్షి అంటే ఇక్కడేనా?"

"అక్కడే."

పెట్టారు. ఆయన సంతకం ఎప్పుడూ పొడుగు. చివరి అక్షరం గీత దాటి పోతుంది. ఈసారి దాటలేదు. తేదీ వెయ్యడం మరిచిపోతే గుర్తు చేశాను, వేశారు.

తరవాత లేచి హాల్లోకి వెళ్ళారు. రాగి పలక తీసే చప్పుడు వినపడింది. బీరువా తలుపు తెరిచి మూసిన చప్పుడు వినపడింది. నేను బీన్స్ పొయ్యి మీద పెట్టి మంట తగ్గించాను. ఆయన తిరిగి వచ్చేసరికి బాత్రూములో స్టూలు వేసుకున్నాను.

"నేను పెడతా," అన్నారు.

"ఆ మోకాలితోనా?"

నేనే ఎక్కాను. ఆయన వంగి స్టూలు కాళ్ళలో రెంటిని రెండు చేతులతో పట్టుకున్నారు. పాత బల్బు తిప్పి తీశాను. అది అందుకోవాలంటే ఆయన ఒక చెయ్యి వదలాలి. ఆయన వదల్లేదు. బల్బు నా కొంగులో వేసుకున్నాను. కొత్తది పెట్టి దిగాక స్విచ్ వేశాను. వెలిగింది.